మొలక నుంచి నక్షత్రం దాకా: సెక్యూరిటీ వ్యాసాలకు మార్కులు ఎవరు వేస్తారు?

సెమినార్ టాపిక్ ఇచ్చారంటే మనం మొదట చేసే పని ఏంటో అందరికీ తెలిసిందే. టాపిక్ పేరు గూగుల్‌లో కొడతాం, వికీపీడియా తెరుస్తాం, మొదటి రెండు పేరాలు పీపీటీలోకి వెళ్తాయి, ఒక బొమ్మ దిగుతుంది, చివర్లో "థాంక్యూ" స్లైడ్. ఫైర్‌వాల్ అయినా, ఫిషింగ్ అయినా, రాన్సమ్‌వేర్ అయినా పద్ధతి ఒక్కటే. దాన్ని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఇంగ్లిష్ వికీపీడియాలో ప్రతి వ్యాసం పైన, పేరుకి కాస్త కిందగా, "టాక్" అని ఒక ట్యాబ్ ఉంటుంది. దాన్ని మనలో ఎంతమంది నొక్కి చూశారు? నా ప్రశ్న అదొక్కటే.

నొక్కితే పైనే ఒక పెట్టె కనిపిస్తుంది. "ఈ వ్యాసం సి-క్లాస్" అనో, "స్టార్ట్-క్లాస్" అనో అందులో రాసి ఉంటుంది. దాని కిందే ఈ వ్యాసం ఏ ప్రాజెక్టుల పరిధిలోకి వస్తుందో, ఆ ప్రాజెక్టుకి ఇది ఎంత ముఖ్యమో కూడా ఉంటుంది. అంటే మనం కాపీ కొట్టిన వ్యాసానికి ఎవరో ముందే మార్కులు వేసి పెట్టారన్నమాట. మనమే చూసుకోలేదు.

ఆ మార్కులు వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెద్ద నిపుణుణ్ణేం కాదు, సీఎస్ఈ మూడో సంవత్సరం. ఏడాదిగా, వీలు చిక్కినప్పుడల్లా, కంప్యూటర్ సెక్యూరిటీ వ్యాసాలు చదివి వాటి స్థాయి చూస్తున్నాను. ఈ పని ఎలా జరుగుతుంది, ఆ మార్కుని ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ నమ్మకూడదు అన్నది మన క్లబ్ పాఠకులకి చెప్పాలనిపించింది.

ఈ మార్కులు ఎందుకు పుట్టాయి?

వికీపీడియా 2001 జనవరిలో మొదలైంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు అన్నది దాని మూల సూత్రం. కొన్నేళ్లు గడిచేసరికి లక్షల వ్యాసాలు పోగయ్యాయి. అప్పుడొక ఆలోచన వచ్చింది: వీటిలో మంచివి ఏరి, నెట్ లేని చోట్ల కూడా చదువుకునేలా సీడీగానో పుస్తకంగానో తెస్తే ఎలా ఉంటుంది? దానికి "వికీపీడియా 1.0" అని పేరు పెట్టుకున్నారు. ఏరాలంటే ముందు ఏది మంచిదో తెలియాలి కదా! లక్షల వ్యాసాలు ఒక్క కమిటీ కూర్చుని చదివితే ఎప్పటికి తేలుతుంది? అందుకని ఏ సబ్జెక్టు వ్యాసాలని ఆ సబ్జెక్టు మీద ఆసక్తి ఉన్నవాళ్ల చేతే చూపించాలని నిర్ణయించారు. ఆ గుంపులే వికీప్రాజెక్టులు. క్రికెట్‌కి ఒకటి, వైద్యానికి ఒకటి, సైనిక చరిత్రకి ఒకటి. అలాగే కంప్యూటర్ సెక్యూరిటీకి కూడా ఒకటి.

2007లో సుమారు 2,000 వ్యాసాలతో మొదటి సీడీ వచ్చింది. సీడీల కాలం పోయింది గానీ మార్కులు వేసే అలవాటు మాత్రం నిలిచిపోయింది. ఎందుకంటే దాని అసలు ఉపయోగం వేరే చోట బయటపడింది. ఏ వ్యాసం మీద పని మిగిలి ఉందో చూపించే మ్యాప్‌లా అది పనికొచ్చింది.

అందుకే రెండు కొలతలు ఉంటాయి. ఒకటి నాణ్యత, రెండోది ప్రాముఖ్యం. ప్రాముఖ్యంలో టాప్, హై, మిడ్, లో అని నాలుగు స్థాయిలు. ఈ రెండింటినీ అడ్డంగా, నిలువుగా పెట్టి ఒక బాట్ పట్టిక తయారుచేస్తుంది. ఆ పట్టికలో ప్రాముఖ్యం ఎక్కువ, నాణ్యత తక్కువ ఉన్న గడి దగ్గరే ప్రాజెక్టు వాళ్ల కళ్లు ఆగుతాయి. అందరూ చదివే టాపిక్, కానీ వ్యాసం అధ్వాన్నం. ముందు బాగుచేయాల్సింది అదే.

మెట్లు ఎన్ని?

అన్నింటికంటే కింది మెట్టు స్టబ్. తెలుగు వికీపీడియాలో దీనికి "మొలక" అని చక్కటి పేరు పెట్టారు. రెండు మూడు వాక్యాలు, ఒక నిర్వచనం, అంతే. దాని పైన స్టార్ట్: కాస్త సరుకు ఉంది, కానీ ఆధారాలు సరిగా లేవు, ముఖ్యమైన భాగాలు లేవు. ఆ పైన సి: చాలావరకు ఉంది, కానీ ఖాళీలు కనిపిస్తాయి. తర్వాత బి: మామూలు పాఠకుడికి సరిపోయేంత ఉంది. ఇక్కడి వరకు ఎవరైనా చూసి మార్కు వేయొచ్చు, పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ పైన జీఏ, అంటే గుడ్ ఆర్టికల్. దీనికి పద్ధతి ఉంది. రాసినవాళ్లు నామినేట్ చేయాలి, ఆ వ్యాసంతో సంబంధం లేని ఇంకొకరు కూర్చుని నిర్ణీత ప్రమాణాలతో పోల్చి రివ్యూ రాయాలి. లోపాలు కనిపిస్తే సరిదిద్దుకోవడానికి సాధారణంగా ఒక వారం గడువు ఇస్తారు. పాసైతే వ్యాసం పైన ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఏ-క్లాస్ అని ఒక మెట్టు ఉంది గానీ, సైనిక చరిత్ర లాంటి కొన్ని ప్రాజెక్టులే దాన్ని సీరియస్‌గా వాడతాయి. అన్నింటి పైన ఎఫ్ఏ, ఫీచర్డ్ ఆర్టికల్. ఇక్కడ ఒక్కరు కాదు, చాలామంది వారాల తరబడి చర్చిస్తారు. ప్రతి ఆధారాన్నీ లాగి చూస్తారు. గెలిస్తే పేజీ మూలన కంచు నక్షత్రం వస్తుంది. మొత్తం ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ నక్షత్రం ఉన్నవి సుమారు వెయ్యికి ఒకటి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పాఠకుడికి వ్యాసం మీదే కనిపించేవి ఆకుపచ్చ గుర్తు, నక్షత్రం మాత్రమే. మంచి మార్కులు వచ్చినవాళ్ల పేర్లే బోర్డు మీద పెట్టి, మిగతావి రిజిస్టర్‌లో ఉంచినట్టు. స్టబ్, స్టార్ట్, సి చూడాలంటే టాక్ పేజీకి వెళ్లాల్సిందే.

ఒక వ్యాసాన్ని చేతిలోకి తీసుకుంటే

బి-క్లాస్‌కి ఆరు ప్రమాణాలు ఉన్నాయి: చెప్పినదానికి వాక్యం పక్కనే ఆధారం ఉండాలి, విషయం చాలావరకు కవర్ కావాలి, ఒక క్రమం ఉండాలి, భాష బాగుండాలి, అవసరమైన చోట బొమ్మలూ పట్టికలూ ఉండాలి, చదివేవాడికి అర్థం కావాలి. చదవడానికి తేలిగ్గానే ఉంది. చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుస్తుంది.

హార్ట్‌బ్లీడ్ సంగతే చూద్దాం. 2014 ఏప్రిల్ 7న బయటపడిన లోపం ఇది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో ఉంది. ఇలాంటి టాపిక్ మీద వ్యాసం ముందు పెడితే నేను మొదట వెతికేది "అసలు జరిగిందేంటి" అన్న ఒక్క పేరా. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి చిన్న సందేశం పంపి, "నేను పంపినదాన్నే తిరిగి పంపు, పొడవు ఇంత" అంటుంది. అవతలి సర్వర్ ఆ పొడవు నిజమో కాదో కొలుచుకోదు. పక్కింటావిడ చారెడు బియ్యం ఇచ్చి వెళ్లి, మర్నాడు వచ్చి "నేనిచ్చిన బస్తా తిరిగివ్వండి" అంటే, చూసుకోకుండా బస్తా నిండేదాకా ఇంట్లో ఏముంటే అది పోసి పంపినట్టు. ఆ పోసిన దాంట్లో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, ప్రైవేట్ కీలు కూడా ఉండొచ్చు. ఒక్కసారికి 64 కిలోబైట్ల దాకా. వ్యాసంలో బియ్యం ఉదాహరణ ఉండక్కర్లేదు. కానీ సెకండ్ ఇయర్ స్టూడెంట్ చదివితే ఈ మాత్రం బొమ్మ మనసులో పడాలి. పడలేదంటే ఆరో ప్రమాణం దగ్గర ఆగిపోయినట్టే.

తర్వాత కవరేజ్. ఏ వెర్షన్లలో ఉంది (1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా), ఏ వెర్షన్‌లో సరిచేశారు (1.0.1జి), ఎవరు కనిపెట్టారు (గూగుల్‌కి చెందిన నీల్ మెహతా, విడిగా ఫిన్లాండ్ సంస్థ కోడెనోమికాన్), సీవీఈ నంబర్ ఏంటి (2014-0160), ఎవరు నష్టపోయారు (కెనడా రెవెన్యూ ఏజెన్సీ నుంచి 900 మంది సోషల్ ఇన్సూరెన్స్ నంబర్లు పోయాయి), ఆ తర్వాత ఏం మారింది (ఇలాంటి ఉచిత లైబ్రరీలకి డబ్బు సాయం చేయడానికి లినక్స్ ఫౌండేషన్ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది). వీటిలో చివరి రెండూ లేకుండా కేవలం టెక్నికల్ వివరాలతో ఆగిపోయే వ్యాసాలకి సి దగ్గరే బ్రేక్ వేస్తాను.

అసలు కష్టం అంకెల దగ్గర ఉంటుంది. హార్ట్‌బ్లీడ్ వచ్చినప్పుడు "ఇంటర్నెట్‌లో మూడింట రెండొంతుల సైట్లు ప్రమాదంలో ఉన్నాయి" అని చాలా చోట్ల రాశారు. ఆ లెక్క ఎక్కడిది? అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ అనే రెండు వెబ్ సర్వర్ల ఉమ్మడి వాటా అప్పట్లో 66 శాతం. అవి సాధారణంగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాడతాయి కాబట్టి జనం ఆ అంకెనే ఎత్తుకున్నారు. కానీ ప్రతి సైటూ ఎస్‌ఎస్‌ఎల్ వాడదు, వాడినా ప్రతి చోటా ఆ వెర్షన్ ఉండదు, ఉన్నా ఆ ఫీచర్ ఆన్‌లో ఉండాలని లేదు. నెట్‌క్రాఫ్ట్ సంస్థ కొలిచి చూస్తే ఎస్‌ఎస్‌ఎల్ సైట్లలో 17.5 శాతం, అంటే సుమారు 5 లక్షల సర్టిఫికెట్లు అని తేలింది. 66 కీ 17.5 కీ రెండింటికీ పేపర్ లింకులు దొరుకుతాయి. లింక్ ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ లింక్ ఏ ప్రశ్నకి జవాబు చెప్తోందో చూడాలి. ఈ పని మొదలుపెట్టాక నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

సెక్యూరిటీకి వచ్చేసరికి

ఒక కోట మీద వ్యాసం పదేళ్ల క్రితం బాగుంటే ఇప్పుడూ బాగానే ఉంటుంది. సెక్యూరిటీ వ్యాసాలు అలా కాదు. అవి పాలప్యాకెట్ల లాంటివి. నిన్నటి నిజం ఇవాళ ప్రమాదం అవుతుంది.

పాస్‌వర్డ్ రూలే తీసుకోండి. పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, ప్రత్యేక గుర్తు ఒకటి ఉండాలి, కొన్నాళ్లకోసారి మార్చాలి అన్న సలహా బాగా వ్యాపించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన మార్గదర్శకాలు ఒక ముఖ్య కారణం. 2017లో అదే నిస్ట్ దాన్ని తిరగరాసింది. ఊరికే మార్చమని బలవంతం చేయొద్దు, లీకైనట్టు అనుమానం ఉంటే మార్పించండి, పొడవుకి ప్రాధాన్యం ఇవ్వండి అంది. పాత పత్రం రాసిన బిల్ బర్ కూడా ఆ సలహాల్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికతో చెప్పాడు. అలాంటప్పుడు 2010లో బి వచ్చిన పాస్‌వర్డ్ వ్యాసాన్ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేశారనుకోండి. ఆధారాలు ఉంటాయి, క్రమం ఉంటుంది, భాష బాగుంటుంది. ఆరు ప్రమాణాలూ పైపైన పాసే. లోపల సలహా మాత్రం గడువు తీరిపోయింది. అందుకే నేను ఆధారాల జాబితాలో ముందు సంవత్సరాలు చూస్తాను.

రెండోది, దగ్గరగా కనిపించే రెండు విషయాలని కలిపేయడం. నిరుడు మా బ్యాచ్‌లో ఒక మినీ ప్రాజెక్ట్ రివ్యూ జరిగింది. లాగిన్ పోర్టల్. పాస్‌వర్డ్‌లన్నీ ఎండీ5తో హాష్ చేసి డేటాబేస్‌లో పెట్టారు. ఎందుకని అడిగితే, "ఎండీ5 సెక్యూర్ హాష్ అల్గారిదమ్ అని నెట్‌లో ఉంది" అన్నారు. ఏ పేజీలో చదివారో వాళ్లకే గుర్తులేదు. రివ్యూలో ఇంకొకరు లేచి, "ఎండీ5కి 2004లోనే కొలిజన్ కనిపెట్టారు కాబట్టి వాడకూడదు" అన్నారు. కొలిజన్ మాట నిజమే. కానీ పాస్‌వర్డ్‌ల విషయంలో అసలు కారణం అది కాదు. కొలిజన్ అంటే ఒకే హాష్ వచ్చే రెండు ఇన్‌పుట్‌లు దొరకడం. అది డిజిటల్ సంతకాలకి ముప్పు. 2012లో బయటపడిన ఫ్లేమ్ మాల్‌వేర్ ఆ దారినే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్‌ని ఫోర్జరీ చేసింది. పాస్‌వర్డ్‌లకి ముప్పు ఎండీ5 వేగం వల్ల. అది ఎంత వేగంగా పనిచేస్తే దొంగ అంత వేగంగా ఊహించి చూడగలడు. అందుకే కావాలనే నిదానంగా నడిచే బీక్రిప్ట్, 2015లో పాస్‌వర్డ్ హాషింగ్ పోటీలో గెలిచిన ఆర్గాన్2 లాంటివి వచ్చాయి. ఈ రెండు కారణాలనీ ఒకే వాక్యంలో కలిపేసిన వ్యాసం చూస్తే, అది ఎంత పొడవున్నా నా దృష్టిలో ఇంకా పని మిగిలి ఉన్నట్టే. ఇక్కడ వాక్యం పొరపాటైతే పరీక్షలో ఒక మార్కు పోవడంతో ఆగదు. ఎవరి కోడ్‌లోకో వెళ్తుంది, ఆ కోడ్ వెనక ఎవరి పాస్‌వర్డ్‌లో ఉంటాయి.

మూడోది, అమ్ముకునేవాళ్లు. సెక్యూరిటీ అంటే పెద్ద మార్కెట్. ఒక కొత్త పదం పుట్టిస్తారు, దాని మీద వ్యాసం వస్తుంది, ఆధారాలన్నీ ఒకే కంపెనీ వైట్‌పేపర్లు, చివర్లో "ప్రముఖ పరిష్కారాలు" అంటూ ఉత్పత్తుల పేర్లు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని 2014 నుంచి వికీపీడియా వాడుక నిబంధనల్లోనే ఉంది. అందరూ పాటిస్తారన్న గ్యారెంటీ ఏమీ లేదు. నా పద్ధతి సింపుల్: కంపెనీ ఆధారాలన్నీ తీసేస్తే వ్యాసంలో ఎంత మిగులుతుంది? మూడు వాక్యాలు మిగిలితే, ఎంత బొమ్మలు పెట్టినా అది మొలకే.

నాలుగోది, వేడివేడి వార్తలు. 2017 మే 12న వానక్రై ప్రపంచాన్ని కుదిపేసింది. సుమారు 150 దేశాలు, 2 లక్షలకి పైగా కంప్యూటర్లు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ వారమంతా "పాత విండోస్ ఎక్స్‌పీ వాడినందుకే ఇలా అయ్యింది" అన్న మాట వినిపించింది. తర్వాత కాస్పర్‌స్కై లెక్క చూస్తే, సోకిన వాటిలో దాదాపు 98 శాతం విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, జనం వేసుకోలేదు. చూడండి, పాఠం ఎంత మారిపోయిందో! "పాత సిస్టమ్ పారేయండి" అన్నది "అప్‌డేట్ చేయండి" అయ్యింది. సంఘటన జరిగిన వారంలో రాసిన వాక్యాలు తర్వాత ఎవరైనా తిరిగి చూశారా అన్నది ఇలాంటి వ్యాసాల్లో నేను తప్పకుండా వెతుకుతాను.

ఐదోది, తన తోకని తానే మింగే పాము. 2008లో అమెరికాలో ఒక విద్యార్థి సరదాకి కోవాటి అనే జంతువుకి "బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్" అని కూడా పేరుందని వికీపీడియాలో రాశాడు. అది చూసి పత్రికలు రాశాయి, ఆ పత్రికలే తర్వాత వికీపీడియాలో ఆధారాలయ్యాయి. దీనికి ఎక్స్‌కేసీడీ కార్టూనిస్ట్ 2011లో "సైటోజెనిసిస్" అని పేరు పెట్టాడు. సెక్యూరిటీ బ్లాగుల్లో ఇలాంటి చుట్టు తిరుగుడు తేలిగ్గా జరుగుతుంది. ఒకే వాక్యం పదాలు కూడా మారకుండా పది చోట్ల కనిపిస్తే, ఏది ముందు పుట్టిందో తేదీలు చూడక తప్పదు. వ్యాసం హిస్టరీ ట్యాబ్‌లో ఆ వాక్యం ఏ రోజు చేరిందో కచ్చితంగా తెలుస్తుంది.

మార్కు చెప్పనిది

ఇంత చెప్పాక, మార్కుని నెత్తిన పెట్టుకోమని మాత్రం చెప్పను. మార్కు వేసినవాడు ఆ రోజు ఉన్న వెర్షన్‌కి వేశాడు. మర్నాడు ఎవరైనా సగం మార్చేసినా పెట్టెలో అదే అక్షరం ఉంటుంది. స్టార్ట్ అని రాసి ఉన్న కొన్ని వ్యాసాలు ఎప్పుడో బి స్థాయికి పెరిగిపోయి ఉంటాయి, మళ్లీ చూసే నాథుడు లేక అలాగే ఉంటాయి. కొన్ని దీనికి రివర్స్. ఒకప్పుడు ఒకే వ్యాసానికి ఒక ప్రాజెక్టు బి అంటే ఇంకొకటి స్టార్ట్ అనేది. 2023 నుంచి నాణ్యతకి అందరికీ కలిపి ఒకే మార్కు అన్న పద్ధతి వచ్చింది. ప్రాముఖ్యం మాత్రం ఎవరి ప్రాజెక్టుకి వాళ్లదే.

మెషిన్ చేత వేయించొచ్చు కదా అని మన క్లాసులో అందరూ అడుగుతారు. వేయించారు కూడా. వికీమీడియా ఫౌండేషన్ 2015లో ఓఆర్ఈఎస్ అనే మెషిన్ లెర్నింగ్ సర్వీస్ ప్రకటించింది. వ్యాసం చూసి ఇది స్టబ్బా, బినా అని అంచనా వేసే మోడల్ అందులో ఉండేది. పొడవు, హెడింగులు, ఆధారాల సంఖ్య, బొమ్మలు లాంటివి చూసి చెప్తుంది. లక్షల వ్యాసాల్లో ఎక్కడ చూడాలో వేలు పెట్టి చూపించడానికి అది బాగా పనికొస్తుంది. కానీ 66 శాతమా, 17.5 శాతమా అన్నది దానికి తెలియదు. రెండింటికీ తలొక లింక్ ఉంటే రెండూ దానికి సమానమే.

కాబట్టి ఆ అక్షరాన్ని ఇలా చదువుకోండి: సి అంటే "ఇది తప్పు" అని కాదు, "ఇంకా పని ఉంది, ఆధారాలు మీరే తెరిచి చూసుకోండి" అని. జీఏ అంటే "ప్రతి మాటా నిజం" అని కాదు, "సంబంధం లేని ఒక మనిషి ఫలానా రోజున శ్రద్ధగా చదివాడు" అని. ఆ ఫలానా రోజు ఎప్పుడో టాక్ పేజీలోనే ఉంటుంది. సెక్యూరిటీ వ్యాసానికైతే ఆ తేదీ అక్షరం కంటే ముఖ్యం.

తెలుగు సంగతి

తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, ఇప్పుడు లక్షకి పైగా వ్యాసాలున్నాయి. ఊళ్లు, సినిమాలు, రచయితల మీద ఉన్నంత సరుకు కంప్యూటర్ సెక్యూరిటీ మీద లేదు. ఉన్నవాటిలో కొన్నింటికి మెషిన్ అనువాదం వాసన వస్తుంది. చదివితే తెలుగే, అర్థం మాత్రం కాదు.

తెలుగులో కొలవడం కూడా వేరు. వ్యాసం సైజుని బైట్లలో చూపిస్తారు. ఇంగ్లిష్ అక్షరం యూటీఎఫ్-8లో ఒక బైట్, తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటి మూడు బైట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో ఆరు కోడ్ పాయింట్లు ఉంటాయి, అంటే 18 బైట్లు! కాబట్టి ఇంగ్లిష్ లెక్కన పెద్దగా కనిపించే తెలుగు వ్యాసం నిజానికి మొలకే కావచ్చు. బైట్లు చూసి మోసపోకుండా చదివి చూడాల్సిందే.

ఇది ఎందుకు పట్టించుకోవాలి? మనకి ఇంగ్లిష్ పేజీ ఉంది, యూట్యూబ్ ఉంది. ఇంట్లో అమ్మకి, నాన్నకి? "డిజిటల్ అరెస్ట్" అని వీడియో కాల్ చేసి భయపెట్టేవాళ్లు, కేవైసీ పేరుతో ఓటీపీ అడిగేవాళ్లు తెలుగులోనే మాట్లాడుతున్నారు. దొంగ తెలుగు చక్కగా మాట్లాడుతున్నప్పుడు, జాగ్రత్త చెప్పే పేజీ అర్థంకాని తెలుగులో ఉంటే లాభం ఏంటి? ఎన్‌క్రిప్షన్‌ని గుప్తీకరణ అనాలా, ఎన్‌క్రిప్షన్ అనే ఉంచాలా అని వాదించుకోవచ్చు. నా మటుకు నాకు, మా అమ్మ చదివి "ఓహో, అందుకా ఓటీపీ చెప్పకూడదు!" అంటే ఆ వ్యాసం ఆరో ప్రమాణం పాసైనట్టు.

మీరూ వేయొచ్చు

ఎవరి అనుమతీ అక్కర్లేదు. అకౌంట్ తెరవండి. ఇంగ్లిష్ వికీపీడియా ప్రిఫరెన్సెస్‌లో గ్యాడ్జెట్స్ దగ్గర, వ్యాసం పేరు కిందే దాని స్థాయి చూపించే ఆప్షన్ ఒకటుంది, అది ఆన్ చేసుకోండి. మీరు ప్రాజెక్టుగానో సెమినార్‌గానో చేసిన టాపిక్‌నే ఎంచుకోండి, ఎందుకంటే కవరేజ్‌లో ఏది లేదో మీకే తెలుస్తుంది. మీరే ఎక్కువగా రాసిన వ్యాసానికి మాత్రం మార్కు మీరు వేయకండి, ఇంకొకరిని అడగండి. కనీసం మూడు ఆధారాలు తెరిచి, వ్యాసంలో ఉన్న మాట అక్కడ నిజంగా ఉందో లేదో చూడండి. తర్వాత అక్షరం మార్చండి.

అక్షరం ఒక్కటే మార్చి వెళ్లిపోకండి. టాక్ పేజీలో రెండు వాక్యాలు రాయండి: ఏముంది, ఏం లేదు. "2017 తర్వాతి మార్గదర్శకాలు లేవు, నష్టాల భాగానికి కంపెనీ ఆధారం ఒక్కటే ఉంది" అని రాస్తే, ఆర్నెల్ల తర్వాత ఎవరో ఒకరు వచ్చి సరిగ్గా ఆ రెండూ బాగుచేసి పోతారు. ఆ మనిషి ఎవరో మీకు తెలియదు, మీరెవరో వాళ్లకి తెలియదు. ఎవరూ మీతో గొడవ పడకపోతే అదృష్టం. పడితే ఆధారం చూపించి మర్యాదగా మాట్లాడండి, సరిపోతుంది.

ఒక వ్యాసానికి నాకు అరగంట నుంచి గంట పడుతుంది. సెమిస్టర్‌కి ఐదు చూసినా చాలు. క్లబ్‌లో ఆసక్తి ఉన్నవాళ్లం నలుగురం కలిస్తే, సంక్రాంతి సెలవుల్లోపు తెలుగులో ఫిషింగ్, రాన్సమ్‌వేర్, పాస్‌వర్డ్ వ్యాసాలు మూడూ చదివి, ఏం లేదో జాబితా రాయొచ్చు. జాబితా రాశాక, అందులో మొదటి ఖాళీ పూడ్చడానికి ఇంకొకరి కోసం ఎదురుచూడాల్సిన పనేమీ లేదు.